ఫోనులో ఉన్నది పదిమందికి అందాలంటే

స్మార్ట్‌ఫోను ఉన్న ఏ ఇంట్లోనైనా వెతికి చూడండి. బామ్మ పాడిన మంగళహారతి, జాతరలో ఒగ్గు కథ చెప్పిన బృందం, పీర్ల పండుగ ఊరేగింపు, రేపో మాపో కూలగొట్టబోయే మండువా ఇల్లు... ఏదో ఒకటి దొరుకుతుంది. తీసినవాళ్లు ప్రేమతోనే తీశారు. పండుగ రోజు స్టేటస్‌లో పెట్టారు. మర్నాటికి అది కనబడకుండా పోయింది. రెండేళ్ల తర్వాత ఆ వీడియో మళ్లీ కంటబడితే, పాడింది ఎవరో, అది ఏ ఊరో, ఆ పాట ఎప్పుడు పాడతారో చెప్పేవాళ్లు ఉండరు. ఫోను మార్చిన రోజున ఆ వీడియో కూడా పోతుంది.

మనకు సాధనం ఉంది, మనసూ ఉంది. కొరవడినవి రెండే: పద్ధతి, తోడు. ఈ అధ్యాయం చెప్పేది కూడా ఆ రెండింటి గురించే. వివరం రాసిపెట్టని రికార్డు రేపటివాళ్లకు ఉపయోగపడదు. ఒక్కరే నెత్తినేసుకున్న పని ఎక్కువకాలం నడవదు. చిన్న పనినైనా పదిమందితో కలిసి, వివరంతో సహా పూర్తిచేసి, ఎవరికైనా దొరికే చోట పెడితే అది నిలుస్తుంది. ఇందుకు మీరు చరిత్రకారులు కానక్కర్లేదు, కంప్యూటరు చదువు చదివి ఉండనక్కర్లేదు. ఓపికగా వినగలిగితే, విన్నది సరిగా రాసిపెట్టగలిగితే చాలు.

దారి వేసినవాళ్లు

పదిమందినీ కలుపుకొని వారసత్వాన్ని కూడగట్టడం ఇంటర్నెట్‌తో మొదలైన పని కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకప్పుడు వినబడింది. గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి దాన్ని ఖండిస్తూ వ్యాసం రాసి ఊరుకోలేదు. కవులను తమ పద్యాలు, తమ వివరాలు పంపమని అడిగారు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువడింది. ఉత్త పద్యాలు మాత్రమే అచ్చేసి ఉంటే అది మరో కవితా సంకలనం అయ్యేది. కవి ఎవరు, ఎక్కడివాడు అన్న వివరం తోడవడంతో కాదనలేని సాక్ష్యమైంది.

రెండో ఉదాహరణ శ్రీకాకుళంలో ఉంది. అందరూ కారా మాస్టారని పిలుచుకున్న కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న అక్కడ కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట దొరకాలని ఆయన పట్టుదల. పురస్కారాలుగా వచ్చిన సొమ్ము అందులో పెట్టారు. కథకులు, పాఠకులు, పాత పత్రికలు దాచుకున్నవాళ్లు తమ దగ్గరున్నవి అందించారు. తర్వాత వాటిని స్కాన్ చేసి, రచయిత పేరుతోనో కథ పేరుతోనో వెతుక్కునేలా వెబ్‌సైటులో పెట్టారు. ఏ దేశంలో ఉన్న పాఠకుడైనా పాత వారపత్రికలో వచ్చిన కథను ఇవాళ ఇంట్లో కూర్చుని చదవగలుగుతున్నాడు.

ఈ ఇద్దరి పనిలోనూ మూడు సంగతులు గమనించండి. ఏం కావాలో స్పష్టంగా అడిగారు: ఒకరు కవిత్వం, ఇంకొకరు కథ. ఇచ్చేవాళ్ల మీద పెద్ద బరువు పెట్టలేదు: పద్యం పంపితే చాలు, పత్రిక ఇస్తే చాలు. వచ్చినదాన్ని ఒక స్థిరమైన చోట, వెతికితే దొరికేలా పెట్టారు. మనం వేయబోయే ఏడు మెట్లకూ ఈ మూడే పునాది.

మొదటి మెట్టు: ఒక్కటే ఎంచుకోండి

"మా ఊరి చరిత్ర మొత్తం రాద్దాం" అని మొదలుపెట్టే జట్లు తొందరగా చల్లబడతాయి. అందులో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, ఎప్పటికి పూర్తయినట్టో అసలే తెలియదు. కాబట్టి అంచులు కనబడే పని తీసుకోండి. మా వాడలో పాడే బతుకమ్మ పాటలు. మా గుడి ఆవరణలో ఉన్న శాసనాలు, వీరగల్లులు. మా హైస్కూలు పాత గ్రూపు ఫోటోలు, వాటిలో ఉన్నవాళ్ల పేర్లు. మగ్గాల వీధిలో ఆసు, అచ్చు, నాడె మొదలుకొని ఒక్కో పనిముట్టూ, దాంతో చేసే పనీ. సంక్రాంతి నెలలో మా ఊరికొచ్చే హరిదాసులు, గంగిరెద్దులవాళ్లు, వాళ్లు ఏయే ఊళ్లు తిరుగుతారన్నది.

ఎంచుకునే ముందు మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు అడగండి. ఇది తెలిసినవాళ్లు ఎంతమంది మిగిలారు? వాళ్ల దగ్గరికి నేను సులువుగా వెళ్లగలనా? మూడు నాలుగు నెలల్లో ఇది ఒక కొలిక్కి వస్తుందా? మొదటి ప్రశ్నకు "ఒకరో ఇద్దరో" అన్న జవాబు వస్తే మిగతావన్నీ పక్కనపెట్టి దాంతోనే మొదలుపెట్టండి. రాతి శాసనం వచ్చే ఏడాది కూడా అక్కడే ఉండవచ్చు. ఎనభై ఏళ్లు దాటిన మనిషి జ్ఞాపకశక్తి గురించి అలా అనుకోలేం.

రెండో మెట్టు: జట్టు కట్టండి

నలుగురు చాలు. పని నాలుగు రకాలుగా ఉంటుంది: అడగడం, రికార్డు చేయడం, రాయడం, సరిచూడడం. అడిగేవాళ్లు ఊళ్లో పెద్దలకు తెలిసినవాళ్లయి ఉండాలి. "పెద్దమ్మా, ఆ నాట్ల పాట ఒకసారి పాడవా" అని చనువుగా అడగగలిగిన కోడలు, కొత్తగా వచ్చిన పరిశోధకుడి కంటే ఎక్కువ రాబట్టగలదు. రికార్డు చేసే పని ఇంటర్ చదివే పిల్లలకు అప్పజెప్పండి. ఫోను వాళ్లకు అలవాటే. పైగా తాత మాట ఎదురుగా కూర్చుని విన్న పిల్లవాడు ఆ సంగతిని సులభంగా మరిచిపోడు. విన్నది విన్నట్టు టైపు చేసేవాళ్లు వేరే ఊళ్లో ఉన్నా ఫర్వాలేదు. సరిచూసేవాళ్లు మాత్రం ఆ మాట, ఆ యాస తెలిసినవాళ్లే కావాలి.

ఊరికి దూరంగా ఉన్నవాళ్లను చందాలు అడగడం మనకు అలవాటు. చందాతోపాటు పని కూడా అడగండి. మస్కట్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాల రికార్డింగు విని టైపు చేయగలరు. పాత ఫోటో చూసి రెండో వరసలో నిలబడిన మాస్టారు ఎవరో చెప్పగలరు. ఊరి మీద బెంగ ఉన్నవాళ్లు ఇలాంటి పని కోసం ఎదురుచూస్తుంటారు. వాళ్లను ఫలానాది చేసిపెట్టమని అడిగినవాళ్లే లేరు.

పని పంచుకోవడం ఎంత పక్కాగా ఉండాలో తెలుసుకోవాలంటే తెలుగు వికీసోర్స్ చూడండి. అక్కడ పాత పుస్తకాన్ని స్కాన్ చేసి పేజీలవారీగా పెడతారు. సరిదిద్దని పేజీ ఎర్ర గుర్తుతో ఉంటుంది. ఒకరు అచ్చుతో పోల్చి తప్పులు దిద్దితే పసుపు రంగులోకి మారుతుంది. ఇంకొకరు మళ్లీ చదివి ఒప్పుకుంటే ఆకుపచ్చ అవుతుంది. దిద్దినవాళ్లే ఆకుపచ్చ చేసుకోవడం కుదరదు. రెండో మనిషి రావాల్సిందే. మీ జట్టులో కూడా ఈ నియమం పెట్టుకోండి: ఒకరు రాసింది ఇంకొకరు చూడకుండా బయటికి పోకూడదు.

మూడో మెట్టు: అనుమతి అడగండి

ఫోను పైకెత్తేముందే అడగాలి. ఎందుకు రికార్డు చేస్తున్నామో, ఎక్కడ పెడతామో, ఎవరెవరు వినే అవకాశం ఉందో వాళ్ల మాటల్లో చెప్పాలి. ఇంటర్నెట్‌లో పెట్టాక ప్రపంచంలో ఎవరైనా వినవచ్చని, పూర్తిగా వెనక్కి తీసుకోవడం కష్టమని కూడా చెప్పాలి. ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలు మాటలనే రికార్డింగు మొదట్లో ఉంచండి. పేరు చెప్పడానికి ఇష్టం లేదంటే పేరు తీసేయండి. ఒక భాగం బయటికి వద్దంటే ఆ భాగం ఆపేయండి. రికార్డింగు కాపీ వాళ్ల ఇంట్లోవాళ్ల ఫోనులోకి ఆ రోజే పంపండి.

కళాకారుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. తెలంగాణలో కొన్ని కులాలకు తమ కులపురాణం చెప్పే ఆశ్రిత కళాకారులు ఉన్నారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లు చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటం ముందు నిలబడి కథ నడిపిస్తారు. ఏ కుటుంబం ఏ ఊళ్లలో కథ చెప్పాలన్నది వంశపారంపర్యంగా వచ్చిన హక్కు. అది వాళ్ల బతుకుతెరువు. రాత్రుళ్లు సాగే కథనంతా ఎవరో వీడియో తీసి ఊరికే పంచేస్తే, రేపు ఆ కుటుంబాన్ని పిలిచేవాళ్లు తగ్గిపోతారేమోనని వాళ్లు భయపడితే ఆ భయంలో న్యాయం ఉంది.

అలాంటప్పుడు ఒక మధ్యేమార్గం ఉంది. కథలో ఒక చిన్న ఘట్టం, పటం గురించి వాళ్లు చెప్పిన మాటలు అందరికీ కనబడేలా పెట్టండి. మొత్తం కథ రికార్డు చేస్తే దాని కాపీ ఆ కుటుంబం దగ్గరే ఉంచి, ఎవరికి ఇవ్వాలో వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి. కథ చెప్పించుకోవాలనుకునేవాళ్లు ఎలా సంప్రదించాలో, వాళ్లు ఒప్పుకుంటే, వీడియో కింద రాయండి. రికార్డింగు కోసమే కథ చెప్పించుకుంటే పారితోషికం ఇవ్వండి. మీరు పంచే కళ వల్ల ఆ కళాకారుడి ఇంటికి నష్టం కలగకూడదు. ఈ మెట్టు దాటేసి చేసిన పని ఎంత అందంగా ఉన్నా అందులో లోపం ఉండిపోతుంది.

నాలుగో మెట్టు: శ్రద్ధగా రికార్డు చేయండి

నాట్ల పాట రికార్డు చేయాలని వెళ్లారనుకుందాం. పెద్దావిడను ఒంటరిగా కూర్చోబెట్టి పాడమంటే రెండు చరణాలు పాడి "మిగతాది యాదికి వస్తలేదు బిడ్డా" అంటుంది. అది మతిమరుపు కాకపోవచ్చు. ఆ పాట ఒకరు అందుకుంటే మిగతావాళ్లు వంత పాడేది. వంత లేకపోతే నడక తప్పుతుంది. అప్పట్లో ఆమెతో నాట్లకు వెళ్లిన ఇద్దరు ముగ్గుర్ని పిలుచుకురండి. ఒకరి నోట్లో ఆగిన చరణం ఇంకొకరి నోట్లోంచి వస్తుంది.

ఫ్యాను కట్టేయండి. వాకిట్లో కంటే చిన్న గది మేలు, గాలి రొద ఉండదు. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద మూరెడు దూరంలో ఉంచండి. రికార్డింగు యాప్ సెట్టింగుల్లో వేవ్ ఫార్మాటు ఉంటే అది ఎంచుకోండి. ఫైలు పెద్దదవుతుంది కానీ గొంతు ఉన్నదున్నట్టు వస్తుంది. ముందుగా తేదీ, ఊరు, పాడేవాళ్ల పేర్లు మీ గొంతుతో చెప్పండి. మొదటిసారి పాటను మధ్యలో ఆపకుండా పాడనివ్వండి. రెండోసారి చరణం చరణంగా చెప్పించుకోండి. ఆ తర్వాత అడగండి: ఎవరి దగ్గర నేర్చుకున్నారు? నాటు మొదలయ్యేటప్పుడు పాడేదా, పొద్దు వాలాకా? ఈ మాటకు అర్థమేమిటి? జవాబు ఆలస్యమైతే మీరు అందించకండి. కాసేపు ఊరుకుంటే చాలాసార్లు అసలు సంగతి అప్పుడే బయటికి వస్తుంది.

శాసనాలకు వేరే శ్రద్ధ కావాలి. అక్షరాలు కనబడాలని సుద్ద రుద్దడం, పిండి పూయడం, నూనె రాయడం, రంగులు వేయడం వద్దు. అవి రాతిని పాడుచేస్తాయి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే అక్షరం లోతు నీడగా కనబడుతుంది. అది కుదరకపోతే చీకటిపడ్డాక టార్చిలైటు పక్కనుంచి వేసి తీయండి. ముందు రాయి మొత్తం, తర్వాత కొంచెం కొంచెంగా, ఒక ఫోటో అంచు తర్వాతి ఫోటోలో కూడా వచ్చేలా తీయండి. పక్కన స్కేలు పెట్టండి. నాలుగు వైపులా చూడండి, రాత వెనకవైపుకు సాగి ఉండవచ్చు. పైన సూర్యచంద్రులు, లింగం వంటి గుర్తులు ఉంటే అవి కూడా తీయండి. ఫోటోలను రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ, మైసూరులో ఉన్న భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ శాసన విభాగానికి గానీ పంపవచ్చు. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు చెక్కించిన శాసనంలో పదో శతాబ్దపు తెలుగు కంద పద్యాలు దొరికాయి. మీ ఊరి పొలిమేరలో పడి ఉన్న రాయి మీద ఏముందో చదివించేదాకా ఎవరూ చెప్పలేరు.

పాత ఫోటోలైతే కిటికీ దగ్గర నీడలో, ఫ్లాష్ లేకుండా తీయండి. స్కానర్ దొరికితే 600 డీపీఐలో చేయండి. ఫోటో వెనకవైపు కూడా వదలకండి. స్టూడియో ముద్ర, చేత్తో రాసిన తేదీ అక్కడే ఉంటాయి.

ఐదో మెట్టు: వివరం రాయండి

ఇంటికి వచ్చాక ఆ రాత్రే చేయవలసిన పని ఇది. వారం ఆగితే సగం మరిచిపోతారు. ఒక గూగుల్ షీటు తెరిచి ఒక్కో రికార్డుకూ ఒక్కో వరస కేటాయించండి. ఏమిటిది, ఎవరు పాడారు లేదా చెప్పారు, ఏ ఊరు, ఏ మండలం, ఏ తేదీ, ఏ సందర్భంలో వాడేది, రికార్డు చేసింది ఎవరు, అనుమతి ఎంతవరకు ఇచ్చారు. ఈ ఎనిమిది గళ్లూ నిండితేనే రికార్డు పూర్తయినట్టు లెక్క. ఫైలుకు ఫోను పెట్టిన అంకెల పేరు అలాగే వదిలేయకుండా తేదీ, విషయం, ఊరు వచ్చేలా మీరే పేరు పెట్టండి.

టైపు చేసేది యూనికోడ్‌లోనే చేయండి. డీటీపీ సెంటర్లలో పాత అను ఫాంట్లతో కొట్టిన ఊరి సావనీర్లు, స్కూలు వార్షికోత్సవ సంచికలు చాలా ఉన్నాయి. అవి కాగితం మీద బాగానే ఉంటాయి. ఆ అక్షరాలు ఇంటర్నెట్‌లో వెతికితే మాత్రం దొరకవు. అలాంటి ఫైళ్లు మీ దగ్గరుంటే ముందు యూనికోడ్‌లోకి మార్చండి. అచ్చు పేజీ ఫోటోను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు వాటంతటవే టైపై వస్తాయి. పాత అచ్చులో అరసున్నలు ఎగిరిపోతాయి, వత్తులు తారుమారవుతాయి. కనుక మనిషి కూర్చుని దిద్దక తప్పదు.

కాపీలు మూడు ఉంచండి. ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి హార్డ్‌డిస్కులో, మూడోది వేరే ఊళ్లో ఉన్న జట్టు సభ్యుడి దగ్గరో క్లౌడ్‌లోనో. మూడూ ఒకే ఇంట్లో ఉంటే, వరదొచ్చినా దొంగలు పడ్డా మూడూ ఒకేసారి పోతాయి.

ఆరో మెట్టు: తగిన చోట పెట్టండి

ఏ వేదిక దేనికి పనికొస్తుందో తెలిస్తే సగం శ్రమ తప్పుతుంది. వాట్సాప్ జట్టును కదిలించడానికి మంచిది, దాచుకోవడానికి పనికిరాదు. మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది. యూట్యూబ్‌లో పెడితే ఎక్కువమంది చూస్తారు. వీడియో కింద మీ షీటులోని వివరమంతా తెలుగులో రాయండి. ఫోటోలకు, శబ్దాలకు వికీమీడియా కామన్స్ ఉంది. అక్కడ పెట్టినదాన్ని మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకునే పుస్తకంలో కూడా. ఆ సంగతి తెలిసి, అందుకు ఒప్పుకున్నవాళ్ల రికార్డులే అక్కడ పెట్టండి. పాత పుస్తకాల స్కాన్లకు ఇంటర్నెట్ ఆర్కైవ్, వాటి పాఠానికి వికీసోర్స్ తగిన చోట్లు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో మీ ఊరికి ఇప్పటికే పేజీ ఉండే అవకాశం ఎక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాల పేజీలను స్వచ్ఛంద సభ్యులు ఓపికగా తయారుచేశారు. చాలా పేజీల్లో 2011 జనాభా లెక్కలు, విస్తీర్ణం, పిన్‌కోడ్ ఉంటాయి. ఊరి చెరువు ఫోటో, జాతర సంగతి, శాసనం ప్రస్తావన ఉండవు. వాటిని చేర్చగలిగింది ఆ ఊరివాళ్లే. ఒక నియమం మాత్రం గుర్తుంచుకోండి. వికీపీడియాలో రాసే ప్రతి సంగతికీ ప్రచురితమైన, నమ్మదగిన ఆధారం ఉండాలి. "మా తాత చెప్పాడు" అన్నది అక్కడ చెల్లదు. తాత మాటను ఆడియోగా వేరే చోట పెట్టండి. వికీపీడియాలో పత్రిక జిల్లా పేజీలో వచ్చిన వార్త, శాసనాల సంపుటం, స్థానిక చరిత్ర పుస్తకం ఆధారంగా రాయండి. మీరు తీసిన ఫోటో చేర్చడానికి మాత్రం అలాంటి అడ్డు లేదు.

పుస్తకాల విషయంలో కాపీహక్కు చూసుకోవాలి. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాతి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు హక్కు వారసులది. సురవరం ప్రతాపరెడ్డి 1953లో కన్నుమూశారు. ఆయన రచనలు 2014 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. హక్కు ఇంకా ఉన్న పుస్తకమైతే వారసులను అడగండి. ప్రేమగా అడిగితే ఒప్పుకునే కుటుంబాలు చాలానే ఉన్నాయి. అడగకుండా స్కాన్ చేసి పంచడం మాత్రం వారసత్వ సేవ కాదు.

ఏడో మెట్టు: ఊరికి తిరిగివ్వండి

కృష్ణా డెల్టా గ్రంథాలయ కార్యకర్తలు 1930ల్లో పుస్తకాలను పడవల మీద కాలువ గట్ల ఊళ్లకు తీసుకెళ్లారు. చదివేవాళ్లు రావాలని గుమ్మంలో కూర్చోలేదు. మనం చేయవలసిందీ అదే. పాట ఇంటర్నెట్‌లో పెట్టి, పాడినావిడకు వినిపించకపోతే ఆమె ఇచ్చింది ఆమెకు చేరలేదన్నమాట.

సంక్రాంతికో దసరాకో బయటి ఊళ్లలో ఉన్నవాళ్లు ఇంటికి వస్తారు. ఆ నాలుగు రోజుల్లో ఒక సాయంత్రం బడి ఆవరణలోనో రచ్చబండ దగ్గరో తెర కట్టి చూపించండి. పాత ఫోటోలు గోడకు వరుసగా పెట్టి, పక్కన పెన్ను, కాగితం ఉంచండి. "ఈయన మా మేనమామ", "ఇది మర్రిచెట్టు కొట్టేయకముందు తీసిన ఫోటో" అంటూ జనమే వచ్చి వివరాలు రాస్తారు. ఆ ఒక్క సాయంత్రంలో మీ షీటులో ఖాళీగా ఉన్న గళ్లు చాలా నిండుతాయి. స్మార్ట్‌ఫోను లేనివాళ్ల కోసం పాటలు, వివరాలు చిన్న పుస్తకంగా అచ్చేసి బడికి, శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి. శాసనం దగ్గరో చెరువు గట్టునో క్యూఆర్ కోడ్ పెట్టాలనుకుంటే పంచాయతీ అనుమతి తీసుకోండి. రాతి మీద అతికించకుండా పక్కన విడిగా బోర్డు పెట్టండి.

మాటలు కలవనప్పుడు

జట్టు పని అన్నాక తగువులు వస్తాయి. చెరువు తవ్వించింది ఫలానా దొర అని ఒకరంటారు, కాదు, మా ముత్తాతలు వెట్టి చేసి తవ్వారని ఇంకొకరంటారు. తీర్పు చెప్పే పని మీది కాదు. ఇద్దరి మాటా వాళ్ల పేరుతోనే రాయండి. రెండూ నిజమే కావచ్చు: ఒకరు తవ్వించి ఉంటారు, ఇంకొకరు తవ్వి ఉంటారు. ఊరి వారసత్వమంటే గుడీ, గడీ మాత్రమే అనుకుంటే ఊళ్లో సగం మంది కథ బయటే ఉండిపోతుంది. డప్పు, దర్గా, చర్చి పాటలు, మగ్గం, కుమ్మరి సారె, తండాలో తీజ్ పండుగ కూడా షీటులోకి రావాలి. జట్టు కట్టేటప్పుడే అన్ని వాడల నుంచీ మనుషులను పిలిస్తే ఈ చిక్కు చాలావరకు రాదు.

రెండో చిక్కు టైము. ఉద్యోగం, పొలం, పిల్లలు, వీటి మధ్య ఎప్పుడు చేయాలని అడుగుతారు. వారానికి ఒక గంట పెట్టుకోండి. ఆ గంట ఏ రోజో, ఏ వేళో ముందే ఖాయం చేసుకోండి. నెలకొక పాట వివరంతో సహా పూర్తయినా ఏడాదికి పన్నెండు పాటలు. వివరాల్లేని వంద వీడియోల కంటే ఈ పన్నెండు ఎక్కువ.

ఈ పనిలో మీకు దక్కేది కూడా తక్కువేం కాదు. అడ్డు తగలకుండా వినడం వస్తుంది. తెలిసిందనుకున్నదాన్ని మళ్లీ సరిచూసుకునే అలవాటు పడుతుంది. పేరు పేరునా ఋణం ఒప్పుకోవడం, కాదన్నప్పుడు గౌరవంగా వెనక్కి తగ్గడం నేర్చుకుంటారు. ఇవి ఏ ఉద్యోగంలోనైనా, ఏ ఇంట్లోనైనా అక్కరకొచ్చే గుణాలు. ఏళ్ల తరబడి పలకరింపు లేని పక్క వాడ మనుషులతో మాట కలుస్తుంది. పిల్లలు తమ ఊరి గురించి అడిగినప్పుడు చూపించడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

ఈ నెలలో చేయవలసినవి

మొదటి వారం: మీ ఇంట్లోనో వీధిలోనో వయసులో అందరికంటే పెద్దవాళ్లు ఎవరో, వాళ్లకు మాత్రమే తెలిసినది ఏమిటో కాగితం మీద రాయండి. అందులోంచి ఒక్కటి ఎంచుకోండి. తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ తెరిచి, అందులో ఏం లేదో గుర్తుపెట్టుకోండి.

రెండో వారం: ముగ్గురికి ఫోను చేయండి. అందులో ఒకరు ఊరికి దూరంగా ఉన్నవాళ్లు, ఒకరు ఇరవై ఏళ్లలోపువాళ్లు అయితే మంచిది. "ఏదైనా చేద్దాం" అనకుండా, ఎవరు ఏం చేయాలో పేరు పెట్టి చెప్పండి.

మూడో వారం: అనుమతి అడిగి, ఒక్క రికార్డు చేయండి. ఆ రాత్రే ఎనిమిది గళ్లూ నింపండి. మూడు కాపీలు తీయండి.

నాలుగో వారం: టైపు చేసినదాన్ని రెండో మనిషితో సరిచూపించండి. ఇచ్చినవాళ్లకు ముందు వినిపించి, వాళ్లు సరేనన్నాక తగిన చోట పెట్టండి. లంకెను ఊరి గ్రూపులో పంచుతూ, ఇచ్చినవాళ్ల పేరు ముందు, మీ పేరు చివర రాయండి.

ఆ తర్వాత జట్టంతా కూర్చుని, వచ్చే నెల ఎవరింటికి వెళ్లాలో ఖాయం చేసుకోండి.